రాసినంతసేపే గుర్తుండే చైనీస్ మాటలు

ప్రశ్న: అక్కా, నమస్తే. రాణీగంజ్‌లో మాకు బేరింగులు, చిన్న మోటార్ల షాపు ఉంది. సరుకు ఎక్కువగా చైనా నుంచే తెప్పిస్తాం. ఇన్నాళ్లూ మధ్యలో ఒక ఏజెంటు మాట్లాడేవాడు. నేనే నేరుగా మాట్లాడదామని పోయినేడు నుంచి చైనీస్ నేర్చుకుంటున్నాను. వయసు 36. రోజూ రాత్రి షాపు మూసి ఇంటికొచ్చాక కొత్త పదాలు ఒక్కోటి ఇరవైసార్లు రాస్తాను. పక్కనే ఉచ్చారణ, అర్థం రాసుకుంటాను. రాసినంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత చూస్తే సగం ఎప్పుడూ చూడని పదాల్లా కనిపిస్తున్నాయి. ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడుతుంటే తెలిసిన మాట కూడా పట్టుకోలేకపోతున్నా. నేనన్నది వాళ్లకు అర్థం కాక మళ్లీ మళ్లీ అడుగుతారు. స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, అయితే అసలు గుర్తుండవు. చైనీస్ భాష ఎంత వచ్చో చూసే హెచ్‌ఎస్‌కే పరీక్షలో మూడో స్థాయి రాయాలని ఉంది, దానికి 600 పదాలు కావాలట. ఈ వయసులో నా బుర్రకి ఇది ఎక్కదేమో అని దిగులుగా ఉంది. నాగోలు నుంచి ప్యారడైజ్ దాకా మెట్రోలో వస్తాను, ఆ సమయమూ వాడుకోవచ్చు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, నాగోలు

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. వందల రకాల బేరింగుల నంబర్లు, సైజులు, ఎవరికి ఎంత బాకీ, ఏ మోటారుకి ఏది సరిపోతుంది అన్నవి నువ్వు పుస్తకం చూడకుండా చెబుతావు కదా. అవి ఇరవైసార్లు రాసి నేర్చుకున్నవి కావు. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి అడిగితే చెప్పాల్సి వచ్చి, చెప్పి చెప్పి నిలిచినవి. నీ జ్ఞాపకశక్తికి లోటు లేదు. చైనీస్ పదాలను ఎవరూ నిన్ను అడగడం లేదు, అంతే.

నువ్వు రాత్రి చేస్తున్న పనిని కొంచెం జాగ్రత్తగా చూడు. ఒక పదం చూసి ఒకసారి రాస్తావు. రెండోసారికి అది కళ్ల ముందే ఉంటుంది. ఐదోసారి దాటాక చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, మనసు రేపటి ఆర్డరు దగ్గరికి పోతుంది. ఇరవైసార్లు రాశావు కానీ ఒక్కసారి కూడా దాన్ని లోపలి నుంచి బయటికి తీయలేదు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. రాత్రి అన్నీ వచ్చినట్టుండి నాలుగో రోజుకి పోవడం అంటే సరిగ్గా ఇదే.

మనకు ఇది కొత్త సంగతి కూడా కాదు. అవధానం ఎప్పుడైనా చూశావా? చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట్ల జరిగినప్పుడు వెళ్లి కూర్చో. అవధాని చేతిలో కాగితం ఉండదు. ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళతాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్లు దారి మళ్లిస్తుంటారు, మళ్లీ మొదటివాడి దగ్గరికొచ్చి ఆగిన చోటు నుంచి అందుకుంటాడు. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. కొంత ఎడం ఇచ్చి, మనసు వేరే పనిలో పడ్డాక మళ్లీ పైకి లాగడం, అదీ ఎదురుగా లేనప్పుడు లాగడం. నీ చైనీస్‌కి కావాల్సింది ఇదే.

కాబట్టి ఇరవైసార్లు రాయడం ఈ రాత్రి నుంచే ఆపెయ్. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, మందంగా ఉంటాయి, వాటిని చీట్లుగా కత్తిరించు. ఒక వైపు తెలుగు అర్థం, రెండో వైపు చైనీస్ అక్షరం, ఉచ్చారణ, స్వరం. ఒక మిఠాయి డబ్బాలో ఐదు అరలు చేసుకో. కొత్త చీటీలు మొదటి అరలో. రోజూ మొదటి అర తీసి తెలుగు వైపు చూసి, చైనీస్ మాట పైకి అను, అన్నాకే తిప్పి చూడు. వచ్చిందా, రెండో అరలోకి. రాలేదా, అక్కడే ఉండనీ. రెండో అర మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకి, ఐదోది నెలకి. ఎక్కడ తప్పినా సరే, మళ్లీ మొదటి అరకి రావాల్సిందే. 1970ల్లో లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్లో చేయాలనుకుంటే 2006 నుంచి ఉన్న ఆంకీ యాప్ ఇదే పని చేస్తుంది, ఏ చీటీ ఎప్పుడు అడగాలో అదే లెక్క వేస్తుంది. నిఘంటువుకి ప్లెకో పెట్టుకో. ఇవి రెండూ ఉంటే ఇంకే యాప్ వెనకా తిరగక్కర్లేదు.

ఎడం ఎందుకంటే, మరిచిపోవడం మొదట్లోనే చాలా వేగంగా జరుగుతుంది. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే ఈ సంగతి ప్రచురించాడు. ఆయన తన మీదే పరీక్ష చేసుకున్నాడు, అది కూడా అర్థం లేని శబ్దాలను కంఠస్థం చేసి. నీకు ప్రస్తుతం చైనీస్ పదాలు అలాంటి అర్థం లేని శబ్దాలే. వాటిని వేటికీ కట్టకుండా లోపలికి పంపుతున్నావు. అందుకే ముందు చెవి సంగతి చెప్పాలి. నీ ఇబ్బందిలో పెద్ద భాగం అక్కడే ఉందని నా నమ్మకం.

చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్‌ని నువ్వు ఇంగ్లీషు లాగా చదువుతున్నావు. అందరూ అలాగే మొదలుపెడతారు, అక్షరాలు ఇంగ్లీషువి కాబట్టి. కానీ పిన్‌యిన్ 1958లో చైనీయులు తమ భాష కోసం ఆ అక్షరాలకు తమ సొంత విలువలిచ్చి పెట్టుకున్న లిపి. అందులో ‘బి’ మన బ కాదు, అది ప. ‘పి’ అన్నది ఒత్తు ప, ఫలం అన్నప్పుడు రెండు పెదాలూ మూసి గాలి వదిలే ఫ. ‘డి’ అంటే త, ‘టి’ అంటే థ. ‘జి’ అంటే క, ‘కె’ అంటే ఖ. తెలుగువాడికి ఇంతకంటే వరం ఏముంది! ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే తేడాని మనం అక్షరమాల నాడే నేర్చుకున్నాం. పెద్ద అనే మాట ‘తా’, అతను అనే మాట ‘థా’. నువ్వు ‘డా’, ‘టా’ అంటున్నావనుకో, అవతలివాళ్లకు రెండూ వింతగానే వినిపిస్తాయి. కడుపు నిండటం ‘పావ్’, పరుగెత్తడం ‘ఫావ్’, రెండూ మూడో స్వరమే, ఒత్తు ఒక్కటే తేడా.

ఇంకా ఉంది. ‘ఎస్’ అంటే స, ‘ఎస్‌హెచ్’ అంటే నాలుక వెనక్కి మడిచి పలికే ష, ‘ఎక్స్’ అంటే దాదాపు మన శ. రోజువారీ మాటల్లో మనం శ, ష, స కలిపేస్తుంటాం, కానీ వేరుగా పలకమంటే పలకగలం. బేరంలో ఇది ప్రాణం. నాలుగు అనే అంకె ‘స్’ అంటూ పైనుంచి కిందికి పడుతుంది, పది అనే అంకె ‘ష్’ అంటూ పైకి లేస్తుంది. పధ్నాలుగు అంటే పది-నాలుగు, నలభై అంటే నాలుగు-పది. స, ష కలిపేస్తే ధర 14 అన్నారో 40 అన్నారో నీకు తెలియదు. ఇక ‘జెడ్’ అనే అక్షరం చాపలో, చలిలో ఉన్న చ. ‘జె’ అనేది చిలుకలో, చీరలో ఉన్న చ. ఈ రెండు చ-లూ మనకు పుట్టుకతోనే ఉన్నాయి, పాత పుస్తకాల్లో మొదటిదానికి ౘ అని వేరే గుర్తు కూడా వాడేవారు. ‘సి’, ‘క్యూ’ వరసగా వాటికి ఒత్తు రూపాలు. కోడి ‘చీ’, ఏడు ‘ఛీ’. ‘జెడ్‌హెచ్’, ‘సిహెచ్’ మాత్రం ట పలికే చోట నాలుక పెట్టి పలికే చ, ఛ. వాటికి మనకు అక్షరం లేదు, విని పట్టుకోవాలి.

కాబట్టి నీ పుస్తకంలో ఉచ్చారణ పక్కన తెలుగులో రాసుకోవడం తప్పు కాదు, పైన చెప్పిన లెక్క ప్రకారం రాసుకుంటే మేలే. తెలుగు లిపిలో రాసుకోవద్దని కొందరు టీచర్లు అంటారు. నేను ఒప్పుకోను. సరైన తెలుగు అక్షరం పెట్టుకున్నవాడి ఉచ్చారణ ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడి కంటే శుభ్రంగా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. ఒకటే షరతు, రాసే ముందు చైనీయుల గొంతులో విని ఉండాలి. ప్లెకోలో ప్రతి మాటా వినొచ్చు.

ఇప్పుడు స్వరాలు. అవి పదానికి పైన పెట్టే అలంకారం అనుకుంటే ఎప్పటికీ గుర్తుండవు. కొనడం ‘మాయ్’, అమ్మడం కూడా ‘మాయ్’, మొదటిది మూడో స్వరం, రెండోది నాలుగో స్వరం. వ్యాపారస్తుడికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. మొదటి స్వరం పైస్థాయిలో శ్రుతి పట్టినట్టు నిలకడగా ఉంటుంది. రెండోది మనకు సరిగా వినపడక ‘ఆఁ?’ అన్నప్పటిలా లేస్తుంది. మూడోది కిందికి దిగి అడుగున ఉంటుంది, విడిగా పలికితే చివర కాస్త లేస్తుంది, మాటల మధ్యలో చాలావరకు కిందే ఉండిపోతుంది. నాలుగోది కోపంగా ‘పో!’ అన్నట్టు పైనుంచి పడుతుంది.

ఒక్కో స్వరానికి మన ఊళ్లో ఒక చోటు కేటాయించుకో. మొదటి స్వరానికి టాంక్‌బండ్, చదునుగా సాగే రోడ్డు. రెండోదానికి గోల్కొండ, బాలాహిస్సార్‌కి ఎక్కే మెట్లు. మూడోదానికి బన్సీలాల్‌పేట మెట్లబావి, 2022లో బాగు చేసి తెరిచారు కదా, నీ షాపుకి దగ్గరే, ఒకసారి వెళ్లి అడుగుదాకా చూసి రా. నాలుగోదానికి బిర్లా మందిర్ కొండ మీద నుంచి కిందికి దిగే దారి. కొత్త పదం ఏదొచ్చినా దాని అర్థాన్ని ఆ చోట జరుగుతున్న పనిగా ఊహించు. కొనడం అంటే మెట్లబావి అడుగున ఎవరో నీ దగ్గరికొచ్చి బేరింగు కొంటున్నారు. అమ్మడం అంటే బిర్లా మందిర్ మెట్ల మీద నువ్వే సరుకు పరిచి అమ్ముతున్నావు. తర్వాత పదం గుర్తొచ్చినప్పుడు ఆ చోటు కూడా గుర్తొస్తుంది, చోటు గుర్తొస్తే స్వరం చేతికొచ్చినట్టే.

దానికి శబ్దాన్ని కూడా కట్టొచ్చు. పుస్తకం ‘షూ’, మొదటి స్వరం. టాంక్‌బండ్ మీద ఒక కవి విగ్రహం చేతిలోంచి పుస్తకం జారి పడింది, నడిచిపోయేవాడెవడో దాన్ని షూతో తొక్కాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటూ పెరిగిన మనకు అది ఊహించినా ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపే పదాన్ని పట్టి ఉంచుతుంది. అన్నం ‘మీఫాన్’. పులిహోర కలపడానికి అన్నం పళ్లెంలో పరిచి మీ ఫ్యాన్ కింద ఆరబెట్టారు. ఇక్కడ ఫ మాత్రం ఫ్యాన్‌లోని ఫ లాంటిదే. ఈ పద్ధతి పిల్లచేష్టలా అనిపించొచ్చు, కానీ 1975లో అట్కిన్‌సన్, రా అనే పరిశోధకులు రష్యన్ పదాల మీద దీన్ని పరీక్షించి మంచి ఫలితాలు చూశారు.

ఒక హెచ్చరిక చేయాలి. కొసమెరుపు కోసం ఉచ్చారణని వంచకు. తినడం అనే మాటని చాలామంది ‘ఛీ’ అని గుర్తుపెట్టుకుంటారు. అసలు ‘ఛీ’ ఏడు అంకె అని పైన చూశాం, తినడం నాలుక వెనక్కి పెట్టి పలికే వేరే శబ్దం. పోలిక దొరకని పదానికి లాక్కొచ్చి పోలిక పెట్టొద్దు. అలాంటి పదం రోజూ వాడే వాక్యంలో పెట్టుకుంటే దానంతట అదే నిలుస్తుంది. అసలు ఈ బొమ్మలన్నీ మొదటి రెండు వారాలకే. పదం నోటికి వచ్చేశాక బొమ్మ రాలిపోతుంది, పోనివ్వాలి.

రెండక్షరాల పదాలకు చోట్లు పెట్టుకుంటూ కూర్చోలేవు. వాటికి జంట రాగం నేర్చుకో. సరుకు పంపడం ‘ఫా-హ్వొ’ ఒకటి-నాలుగు. ఇన్‌వాయిస్ ‘ఫా-ఫ్యావ్’ కూడా ఒకటి-నాలుగే, ‘ఫా’లో ఫ ఫ్యాన్‌లోది, ‘ఫ్యావ్’లో ఫ ఫలంలోది. శాంపిల్ ‘యాంగ్-ఫిన్’ నాలుగు-మూడు, షాంఘై పేరు కూడా చైనీస్‌లో సరిగ్గా అదే నడక. ఫోన్ ‘త్యెన్-హ్వా’ నాలుగు-నాలుగు. ఇలా ఒక్కో జంటకి నీకు బాగా వచ్చిన ఒక మాటని పెద్దగా పెట్టుకుని, కొత్త మాట వచ్చినప్పుడు ‘ఇది శాంపిల్ నడక’, ‘ఇది ఫోన్ నడక’ అని కూర్చు. ఐదో స్వరంలా లెక్కేసే తేలిక స్వరంతో కలిపినా మొత్తం జంటలు ఇరవైకి మించవు. రెండు మూడో స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుందన్నది నీకు తెలిసే ఉంటుంది, ‘నీ హావ్’ అని చైనీస్‌లో పలకరించినప్పుడు రోజూ చేస్తున్నదే.

అక్షరాల దగ్గరికి వద్దాం. ‘కృష్ణ’ అనే మాటని మనం ఒక బొమ్మలా గుర్తుపెట్టుకోం. క, దానికి ఋత్వం, ష, దాని కింద ణ ఒత్తు అని విడదీసి చూస్తాం, అందుకే ఎప్పుడూ చూడని పేరునైనా చదవగలం. చైనీస్ అక్షరాన్ని కూడా భాగాలుగానే చూడాలి. 1716లో వచ్చిన కాంగ్‌షీ నిఘంటువు అక్షరాలన్నింటినీ 214 మూల భాగాల కింద సర్దింది. అందులో ఒక వంద తెలిస్తే నీ పరీక్ష పదాల్లో చాలావరకు విడదీయగలవు. చైనీస్ అక్షరాల్లో అత్యధికం రెండు ముక్కలవి, ఒక ముక్క అర్థం ఏ వైపుదో చెబుతుంది, రెండోది శబ్దం ఇస్తుంది. ‘ఛింగ్’ అనే అక్షరం ఆకుపచ్చ-నీలం రంగుకి పేరు. దాని ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు పెడితే తేటగా ఉండటం, ‘ఛింగ్’ మొదటి స్వరం. మాట అనే గుర్తు పెడితే దయచేసి అనే ‘ఛింగ్’, మూడో స్వరం. సూర్యుడిని పెడితే మబ్బులేని ఆకాశం, హృదయాన్ని పెడితే మనసులోని భావం, రెండూ రెండో స్వరం. కన్ను పెడితే కంటికి సంబంధించిన ‘చింగ్’, ఒత్తు పోయింది చూడు. శతాబ్దాల్లో ఉచ్చారణలు మారాయి కాబట్టి శబ్దం ఇచ్చే ముక్క అన్నిసార్లూ నిజం చెప్పదు, అయినా అది ఇచ్చే సాయం చాలా పెద్దది.

నీకు అన్నిటికంటే ముందు నేర్పాల్సిన భాగం మాత్రం గవ్వ. ప్రాచీన చైనాలో గవ్వలు డబ్బుగా చెల్లేవి, అందుకే డబ్బుతో ముడిపడ్డ అక్షరాల్లో గవ్వ గుర్తు కనబడుతుంది. కింద తెరిచి ఉన్న నిలువు చట్రం, దాని లోపలి నుంచి కిందికి దిగిన రెండు కాళ్లు, అలా ఉంటుంది. ఖరీదు ఎక్కువ అనే ‘క్వెయ్’లో అడుగున గవ్వ. రవాణా ఖర్చులో వచ్చే ‘ఫెయ్’ అడుగున గవ్వ. కొనుగోలు అనే ‘కొవ్’లో, ఖాతా లెక్క అనే అక్షరంలో ఎడమ పక్కన గవ్వ. అప్పు అనే ‘తాయ్’ కింద గవ్వ. సరుకు అనే ‘హ్వొ’ కింద కూడా గవ్వే, పైన ఉన్న భాగం ‘హ్వా’ అనే శబ్దాన్నిస్తుంది. ఇన్‌వాయిస్‌లో, ధరల పట్టికలో ఈ గుర్తు ఎక్కడుందో వెతుకుతూ ఒక సాయంత్రం కూర్చో. చదవలేని కాగితంలోనే డబ్బు సంగతి ఎక్కడుందో నీ వేలు చూపించగలుగుతుంది.

ఆ ‘హ్వొ’నే పట్టుకుని ముందుకెళ్లు. అది నాలుగో స్వరం. ‘ఫా-హ్వొ’ సరుకు పంపడం, ‘తావ్-హ్వొ’ సరుకు చేరడం, ‘థ్వెయ్-హ్వొ’ సరుకు వాపసు చేయడం, ‘హ్వొ-ఛ’ సరుకు లారీ. ‘యొవ్ హ్వొ మా?’ అంటే స్టాక్ ఉందా అని. అలాగే కరెంటుకి ‘త్యెన్’ అంటారు, ‘త్యెన్-చీ’ మోటారు, ‘త్యెన్-శ్యెన్’ వైరు, ‘త్యెన్-నావ్’ కంప్యూటరు, విడదీస్తే కరెంటు మెదడు. ‘త్యెన్-యింగ్’ సినిమా, కరెంటు నీడ. ఒక అక్షరం గట్టిగా వస్తే దాని వెనక అరడజను మాటలు వస్తాయి. పరీక్ష జాబితాలోని వరసని పట్టుకుని వెళ్లకుండా ఇలా నీ షాపు చుట్టూ తిరిగే కుటుంబాలను ముందు నేర్చుకో. జాబితాలో మిగిలినవి తర్వాత పూరించుకోవచ్చు. చైనీస్‌లో మన ఊరి పేరు ‘హాయ్-త-లా-పా’. అందులో మొదటి అక్షరానికి సముద్రం అని అర్థం, షాంఘైలో ఉన్నదీ అదే. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావని అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

దీనికి ఒక వ్యతిరేకపు జాగ్రత్త ఉంది. కుటుంబాన్ని ఒకచోట నేర్చుకోవడం మంచిదే కానీ కవలల్ని ఒకే రోజు నేర్చుకోకూడదు. కొనడం-అమ్మడం, ఎడమ-కుడి, పది రంగులు ఒకే పేజీలో, ఇలాంటివి ఒకదాని మీద ఒకటి పడి రెండూ చెడతాయి. ముందు కొనడం నేర్చుకో. అది మూడో అరకి చేరాక అమ్మడం చీటీ రాయి. పైన నేను రెండింటినీ కలిపి చెప్పింది నీకు ఈపాటికి అవి రెండూ తెలిసే ఉంటాయని. నామవాచకం నేర్చుకునేటప్పుడు దాని లెక్కింపు మాట, అంటే అంకెకీ వస్తువు పేరుకీ మధ్య వచ్చే మాట, కూడా అదే చీటీ మీద రాయి. మనుషులకి ‘ముగ్గురు’, వస్తువులకి ‘మూడు’ అనే మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. పుస్తకాలకు ‘పెన్’, కాగితం లాంటి చదును వాటికి వేరొకటి, పొడుగు వాటికి ‘థ్యావ్’.

చేత్తో రాయడం పూర్తిగా మానెయ్యమనడం లేదు. లెక్కల గళ్ల పుస్తకం కొను, నాలుగు గళ్లకి ఒక అక్షరం. చూడు, పుస్తకం మూసెయ్, గుర్తున్నది రాయి, తెరిచి సరిచూడు, తప్పిన గీత దగ్గర ఆగి అక్కడ ఏ భాగం ఉందో పైకి చెప్పు. అక్షరానికి రెండు మూడుసార్లు చాలు. మొదటి రెండు వందల అక్షరాలకు గీతల వరస కూడా సరిగా నేర్చుకో, పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. ఆ తర్వాత చూసి గుర్తుపట్టడం, ఫోన్లో టైప్ చేయడం వస్తే నీ పనికి సరిపోతుంది. చైనాలో చదువుకున్నవాళ్లే ఇప్పుడు పెన్ను పట్టుకుంటే కొన్ని అక్షరాలు రాక తడబడుతుంటారు, దానికి వాళ్ల భాషలో పేరే ఉంది. నీ షాపు సరఫరాదారులు ఎలాగూ చైనా వాళ్లే కాబట్టి 1950ల నుంచి అక్కడ వాడుతున్న సరళ లిపే నేర్చుకో, తైవాన్, హాంకాంగ్‌లలో వాడే పాత రూపాలను ఇప్పుడు కలుపుకోవద్దు.

మెట్రోలో ఏం చేయాలంటే, నాగోలులో ఎక్కాక ప్యారడైజ్‌తో కలిపి తొమ్మిది మజిలీలు. ఎక్కే ముందు ఇంట్లో తొమ్మిది చీటీలు తెలుగు వైపు మాత్రమే చూసుకో. తలుపులు మూసుకోగానే మొదటి మాట, ఉప్పల్ వచ్చేదాకా ఫోన్ జేబులోనే. గుర్తొస్తే దానితో ఒక వాక్యం కట్టు, ‘థాయ్ క్వెయ్ ల’, మరీ ఖరీదు అన్నట్టుగా చిన్నదే. గుర్తు రాకపోయినా వెంటనే చూడకు, స్టేడియం వచ్చేదాకా తడుముకో. అలా తడుముకున్నాక చూసుకున్న మాట ఊరికే చూసిన మాట కంటే బాగా పట్టుబడుతుంది. తర్వాతి మజిలీకి తర్వాతి మాట. హబ్సిగూడ, తార్నాక దాటేసరికి పొద్దున్నే సగం పని అయిపోతుంది. రాత్రి తిరుగు దారిలో అవే మాటలు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినడం. పొద్దున బయటికి తీయడం, రాత్రి వినడం, ఈ రెండింటి మధ్యనున్న షాపు సమయమే నీకు కావాల్సిన ఎడం.

రోజుకి కొత్త మాటలు ఎనిమిదికి మించనివ్వకు. మొదటి వారం ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. నెల తిరిగేసరికి పాత చీటీలే రోజుకి యాభై దాకా వస్తాయి, అప్పుడు ఎనిమిదే ఎక్కువ అనిపిస్తుంది. పండగో పెళ్లో వచ్చి మూడు రోజులు తప్పితే, పాతవి తీరేదాకా కొత్తవి పెట్టకు. తప్పిన రోజుల లెక్క కోసం ఒకే రాత్రి అరవై పదాలు మింగాలని చూసేవాళ్లు తర్వాతి వారం డబ్బా మూత కూడా తీయరు. నీకు అలా జరగకూడదు.

ఫోన్లో పట్టుకోలేకపోతున్నానన్నావు. చదివి నేర్చుకున్న మాట చెవికి తెలియదు కాబట్టి అలా అవుతుంది. చీటీలలో సగం వినే చీటీలు చెయ్. ఆంకీలో శబ్దం మాత్రమే ముందు పెట్టి, విని అర్థం చెప్పు. అవతలివాళ్లతో మాట్లాడే ముందు ఆ రోజు ఏ ఐదు మాటలు తప్పకుండా వస్తాయో ఒక కాగితం మీద కాకుండా మనసులో అనుకో, ధర, పరిమాణం, శాంపిల్, సరుకు ఎప్పుడు పంపుతారు, ఎప్పుడు చేరుతుంది. మాట్లాడుతున్నప్పుడు అవి వస్తున్నాయా అని మాత్రమే విను, మిగతాది ఏజెంటుకి వదిలెయ్. ఒక నెలలో ఐదు కాస్తా పదిహేను అవుతాయి. ఆయన్ని అప్పుడే మాన్పించకు, ఇంకో ఏడాది ఉండనీ. ఒప్పందాలు, డబ్బు చెల్లింపు షరతులు మూడో స్థాయి భాషతో మాట్లాడే విషయాలు కావు.

పరీక్ష సంగతి. 600 పదాలన్నది 2010 నుంచి నడిచిన ఆరు స్థాయిల లెక్క. 2021లో తొమ్మిది స్థాయిల కొత్త ప్రమాణం ప్రకటించారు, అప్పటి లెక్కలో మూడో స్థాయి ముగిసేసరికి 2,245 పదాలు రావాలన్నారు. ఫీజు కట్టే ముందు నువ్వు రాయబోయేది ఏ లెక్క ప్రకారమో కేంద్రంలో అడుగు. కాగితం మీద రాసే పరీక్షా, కంప్యూటరు మీదా అన్నది కూడా అడుగు. కంప్యూటరు అయితే పిన్‌యిన్ టైప్ చేసి అక్షరం ఎంచుకుంటే చాలు. కాగితం అయితే రాత భాగంలో అక్షరాలు చేత్తో రాయాలి కాబట్టి గళ్ల పుస్తకం పని ఇంకో రెండు నెలలు ఎక్కువ పడుతుంది, దాన్ని బట్టి తేదీ పెట్టుకో.